మూడు, నాలుగు, ఐదు తరగతుల ఆన్‌లైన్ పరీక్షలు: పది వారాల సన్నాహం, ప్రాజెక్టు డైరీ

పని కొలత

మూడు తరగతులు, తరగతికి రెండు సెక్షన్లు, సెక్షన్‌కు 30 మంది. మొత్తం 180 మంది. ల్యాప్‌టాప్‌లు 64. అందులో 60 వాడకానికి, 4 అదనం. గదులు రెండు. భాషకు రెండు భాగాలు, గణితానికి రెండు. ఒకేసారి 60 మంది రాస్తే మూడు జట్లు, జట్టుకు నాలుగు విడతలు, వెరసి 12 విడతలు. రోజుకు రెండు చొప్పున ఆరు రోజులు, ఆ రోజు రానివాళ్ల కోసం ఇంకో రెండు రోజులు. రోజుకు మూడు విడతలు పెట్టి నాలుగు రోజుల్లో ముగిద్దామని మొదట అనుకున్నాం. బ్యాటరీలు చూశాక ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

ఒక సంగతి ముందే రాసి పెట్టుకున్నాం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 2015, 2016లలో పార్క్ (కొన్ని రాష్ట్రాలు ఉమ్మడిగా పెట్టిన) పరీక్షను కొన్ని బడులు కాగితం మీద, కొన్ని కంప్యూటర్ మీద రాయించాయి. కంప్యూటర్ మీద రాసినవాళ్లకు మార్కులు తగ్గాయి. గణితం కంటే భాషలో ఎక్కువ తగ్గాయి. రెండో ఏడాదికి ఆ తేడా కొంత కుంచించుకుపోయింది. పిల్లల చదువు ఒక్క ఏడాదిలో మారిపోదు కదా, అలవాటే మారింది. కాబట్టి ఈ పది వారాల్లో పాఠాలు చెప్పే పని పెట్టుకోలేదు. మౌస్, పాస్‌వర్డ్, హెడ్‌సెట్ పిల్లల మార్కులు తినకుండా చూడటమే పని.

10 వారాల ముందు: యంత్రాలు

ప్రతి ల్యాప్‌టాప్ మూత మీద 1 నుంచి 64 వరకు నంబరు అంటించాం. చార్జింగ్ కార్ట్‌లో అరకు కూడా అదే నంబరు. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ "ఆ మూలన ఉన్నది ఆగిపోయింది సార్" అనే మాటకూ "37 ఆగిపోయింది" అనే మాటకూ మధ్య చాలా సమయం ఆదా అవుతుంది.

తెర కొలత సమస్య కాలేదు. 2015లో అమెరికా రాష్ట్రాల ఉమ్మడి పరీక్షలైన స్మార్టర్ బ్యాలెన్స్‌డ్, పార్క్ రెండూ అడిగిన కనీసం 9.5 అంగుళాల తెర, 1024×768 రిజల్యూషన్. మన పరీక్ష అడిగేదీ దాదాపు అంతే, మన యంత్రాలన్నీ దాటాయి. బ్యాటరీ మాత్రం విడిగా పరీక్షించాల్సి వచ్చింది. పూర్తిగా చార్జ్ చేసి, తెర వెలుగు నిండుగా పెట్టి, 90 నిమిషాలు వీడియో ఆడించాం. చివర 40 శాతం కంటే తక్కువ మిగిలినవాటికి ఎర్ర చుక్క పెట్టాం. ఎర్ర చుక్కవి గోడ పక్క ప్లగ్ దగ్గరే వాడాలి. రెండు విడతల మధ్య గంటన్నర చార్జింగ్ దొరికితేనే మిగతావి రెండో విడతకు నిలుస్తాయి. మూడో విడత ఆలోచన ఇక్కడే పోయింది.

ముందే సరిచేసి పెట్టే చిట్టా:

తేదీ, సమయం తనంతట తానే సరిచేసుకునేలా పెట్టాలి. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయి చాలాకాలం పడి ఉన్న కొన్ని యంత్రాల్లో గడియారం ఏళ్లు వెనక్కి పోతుంది. అప్పుడు సెక్యూర్ బ్రౌజర్ (పరీక్ష తప్ప ఇంకేదీ తెరవనివ్వని బ్రౌజర్) సర్వర్ సర్టిఫికెట్‌ను నమ్మదు, "కనెక్షన్ లేదు" అంటుంది. అందరూ వైఫైని తిడతారు, తప్పు గడియారానిది.

విండోస్‌లో స్టిక్కీ కీస్ షార్ట్‌కట్ ఆపాలి. షిఫ్ట్ ఐదుసార్లు నొక్కితే ఒక పెట్టె తెర మీదికి వస్తుంది. తోచనప్పుడు పిల్లల వేలు వెళ్లేది షిఫ్ట్ మీదికే. సెక్యూర్ బ్రౌజర్ నడుస్తుండగా ఇలాంటి పెట్టె వస్తే పరీక్ష అక్కడే ఆగిపోవచ్చు. కుడి షిఫ్ట్‌ను ఎనిమిది సెకన్లు పట్టుకుంటే వచ్చే ఫిల్టర్ కీస్ కూడా ఇదే కోవ.

ఆటోమేటిక్ అప్‌డేట్లు పరీక్ష వారాల్లో ఆపాలి. దానికి ముందే అన్నీ ఒకసారి పూర్తి చేయాలి. సగంలో ఉన్న అప్‌డేట్ సరిగ్గా పిల్లాడు యంత్రం తెరిచినప్పుడే తన పని గుర్తు తెచ్చుకుంటుంది.

9 వారాల ముందు: నెట్‌వర్క్

లెక్క సులువు. విద్యార్థికి 100 కేబీపీఎస్ అనుకుంటే 60 మందికి 6 ఎంబీపీఎస్. లైన్ దానికి ఎన్నో రెట్లు ఉంది. అయినా మొదటి పరీక్షలో పేజీలు తెరుచుకోలేదు.

ఇబ్బంది బయటి లైన్‌లో లేదు, గోడల మధ్య ఉంది. వరండాలో ఉన్న ఒకే యాక్సెస్ పాయింట్ (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టె) మీద 60 యంత్రాలూ వాలాయి. చాలావరకు 2.4 గిగాహెర్ట్జ్‌లో. ఆ పట్టీలో ఒకదానితో ఒకటి కలవని చానెళ్లు మూడే: 1, 6, 11. గదికొక యాక్సెస్ పాయింట్ పెట్టి, పరీక్ష యంత్రాలను 5 గిగాహెర్ట్జ్‌కు కట్టేసి, వరండాలోదాని సిగ్నల్ బలం తగ్గించాం. తగ్గించకపోతే గదిలో దగ్గరగా ఉన్నదాన్ని వదిలి, యంత్రాలు బయటిదాన్నే పట్టుకు వేలాడుతున్నాయి.

రెండో అడ్డు కంటెంట్ ఫిల్టర్, అంటే పిల్లలు చూడకూడని పేజీలను ఆపేది. అది ప్రతి ఎన్‌క్రిప్టెడ్ పేజీని మధ్యలో విప్పి చూసి మళ్లీ మూస్తుంది. సెక్యూర్ బ్రౌజర్‌కు ఇది దొంగ పనిలా కనిపిస్తుంది, లోపలికి రానివ్వదు. పరీక్ష సంస్థ ఇచ్చిన డొమైన్లన్నిటికీ ఆ తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చాం. పేజీ అనుమతించడం వేరు, తనిఖీ మినహాయించడం వేరు. మొదటిది మాత్రమే చేసి "అనుమతి ఇచ్చేశాం, అయినా రావట్లేదు" అని సగం రోజు గడిపాం.

8, 7 వారాల ముందు: పిల్లలు తెర ముందు

పది వారాల్లో ఎక్కువ నేర్పిన రోజులు ఇవే. వారానికి రెండుసార్లు, 20 నిమిషాల చొప్పున నమూనా పరీక్ష. ఇద్దరు పెద్దలు నోట్‌బుక్ పట్టుకుని వెనక నిలబడ్డారు. సాయం చేయకూడదు, చూసి రాసుకోవాలి.

నాలుగో తరగతి గణితంలో ఒక ప్రశ్న. 3/4, 1/3, 1/2 అని మూడు బిళ్లలు. కింద మూడు ఖాళీ గళ్లు. చిన్నదాని నుంచి పెద్దదానికి వరుసగా పెట్టాలి. ఒక అమ్మాయి 1/3 బిళ్లను పట్టి మొదటి గడి మీదికి లాగింది. బిళ్ల ముప్పాతిక భాగం గడిలోనే ఉంది. వేలు తీసింది. బిళ్ల ఎగిరి పాత చోటికి పోయింది. మళ్లీ లాగింది, మళ్లీ పోయింది. కాసేపు చూసి, 1/2ను పట్టి అదే గడిలో పెట్టింది. అది కూర్చుంది. "తర్వాత" నొక్కేసింది.

ఆ అమ్మాయికి భిన్నాలు వచ్చు. బిళ్ల వెనక్కి పోయేసరికి యంత్రం తన జవాబు తప్పంటోందనుకుంది. అసలు సంగతి వేరు. ఈ సాఫ్ట్‌వేర్ చూసేది బిళ్లను కాదు, బాణం మొనను. ఆమె బిళ్లను కుడి అంచు దగ్గర పట్టుకుంది, అందువల్ల మొన గడి బయటే ఉండిపోయింది. 1/2ను అనుకోకుండా మధ్యలో పట్టుకుంది, అందుకే కూర్చుంది. ఇదే తప్పు ఆ గదిలో ఇంకా చాలామంది చేశారు, కొందరు జవాబు కూడా మార్చేశారు.

అన్ని తరగతులకూ రెండు మాటలు చెప్పించాం: "బిళ్లను నడుముకు పట్టుకో." "బిళ్ల వెనక్కి పోతే నీ జవాబు తప్పని కాదు, మళ్లీ పెట్టు." రెండోదే ముఖ్యం.

టచ్‌ప్యాడ్ మీద బిళ్లలు లాగడం చిన్న చేతులకు కష్టం. బొటనవేలితో నొక్కిపట్టి చూపుడువేలితో లాగాలి, సగం దారిలో ప్యాడ్ అయిపోతుంది, వేలెత్తితే బిళ్ల జారుతుంది. వైరున్న మౌస్‌లు 66 తెప్పించాం. వైర్‌లెస్ వద్దనుకున్నాం. బ్యాటరీలు ఒక బాధ, ఒకరి మౌస్ పక్కవాడి ల్యాప్‌టాప్‌కు జత కావడం ఇంకో బాధ.

భాష పరీక్షలో తెర రెండు సగాలు. ఎడమన పాఠ్యభాగం, కుడిన ప్రశ్న, దేనికదే స్క్రోల్. కొందరు పిల్లలు పాఠ్యభాగం సగమే చదివి జవాబులు రాశారు. కారణం సోమరితనం కాదు. మన తెరల మీద ఆ పాఠం మొదటి తెర సరిగ్గా ఒక పేరా చివర ముగిసింది. వాక్యం మధ్యలో తెగి ఉంటే కింద ఇంకా ఉందని తెలిసేది, ఇది కథ అయిపోయినట్టే ఉంది. స్క్రోల్ పట్టీ కూడా మౌస్ దగ్గరికి పోతేనే కనిపించే రకం. దీనికి అలవాటు ఒకటే మందు: ప్రశ్న చదవకముందే ఎడమ సగం మీద మౌస్ పెట్టి అడుగుదాకా ఒకసారి దిగి, మళ్లీ పైకి రావాలి. "ముందు బావి లోతు చూడు" అని ఒక టీచర్ పెట్టిన పేరు పిల్లలకు పట్టుకుంది.

గుండ్రం, చతురస్రం తేడా ఎవరూ చెప్పకుండా తెలియదు. గుండ్రని బొత్తాలుంటే ఒకటే జవాబు, చదరపువైతే ఒకటి కంటే ఎక్కువ ఉండొచ్చు. కాగితం మీద రెండూ టిక్కులే కదా.

గణితం కీప్యాడ్‌లో భిన్నం రాయడం: నోట్‌బుక్‌లో మూడు రాసి, గీత గీసి, కింద నాలుగు రాస్తారు. ఇక్కడ అదే వరుసలో 3 నొక్కి, భిన్నం గుర్తు నొక్కితే 3 పక్కన ఖాళీ భిన్నం వస్తుంది, అంటే మిశ్రమ భిన్నం మొదలవుతుంది. ముందు భిన్నం గుర్తు, తర్వాత పై గడిలో 3, తర్వాత కింది గడిలో నొక్కి 4. ఐదో తరగతికి ఇది ఒక పూట పని. మూడో తరగతికి మూడు పూటలు.

6 వారాల ముందు: టైపింగ్

వేగం మీద పడొద్దని నిర్ణయం. ఆరు వారాల్లో ఎనిమిదేళ్ల పిల్లలకు పది వేళ్ల టైపింగ్ రాదు. ఆస్ట్రేలియా నాప్లాన్ పరీక్ష 2022 నాటికి పూర్తిగా ఆన్‌లైన్‌కు మారినా, మూడో తరగతి పిల్లల రాత భాగాన్ని కాగితం మీదే ఉంచింది. మనకు ఆ వెసులుబాటు లేదు, కాబట్టి నష్టం తగ్గించే పనులే చేశాం.

స్పేస్ బార్, ఎంటర్, బ్యాక్‌స్పేస్, బాణం మీటలు. ఈ నాలుగు గట్టిగా వస్తే చాలు. తప్పు మధ్యలో కనిపిస్తే చాలామంది చివరి నుంచి అక్కడిదాకా చెరిపేసుకుంటూ వస్తున్నారు, మళ్లీ అంతా కొడుతున్నారు. మౌస్‌తో అక్కడ ఒకసారి నొక్కితే కర్సర్ అక్కడికి పోతుందని చూపించగానే మూడో తరగతిలో నవ్వులు.

అసలు భయపెట్టేది ఇంకోటి. కంట్రోల్, ఎ మీటలు పొరపాటున కలిసి పడతాయి, పేజీ మొత్తం నీలంగా మారుతుంది, తర్వాత ఏ అక్షరం కొట్టినా రాసిందంతా పోయి ఆ ఒక్క అక్షరం మిగులుతుంది. వెనక్కి తిప్పే బాణం బొత్తాం దీన్ని తిరిగి తెస్తుంది, కానీ పేజీ దాటకముందే. పిల్లలతో కావాలనే ఒకసారి అలా చెరిపించి, తిరిగి తెప్పించాం. ఒకసారి చేతులారా చేసినవాడు పరీక్షలో ఏడవడు.

జవాబును చిత్తు కాగితం మీద పూర్తిగా రాసి తర్వాత ఎక్కించే అలవాటు మాన్పించాం. సమయం రెండింతలు పోతోంది. కాగితం మీద మూడు ముక్కల్లో ఆలోచన, ఆపైన నేరుగా టైపింగ్.

5 వారాల ముందు: సిబ్బంది

గంట చొప్పున రెండు శిక్షణలు. మొదటి దాంట్లో స్లయిడ్లు లేవు. ప్రతి టీచర్‌కూ ఒక కార్డు, హెడ్‌సెట్, మౌస్ ఇచ్చి విద్యార్థిగా లాగిన్ అయి నమూనా పరీక్ష పూర్తిగా రాయమన్నాం. పాస్‌వర్డ్ రెండుసార్లు తప్పు కొట్టిన పెద్దవాళ్లకు పిల్లల కష్టం విడమరచి చెప్పనక్కర్లేదు.

కార్డులు అక్కడే మార్చాల్సి వచ్చింది. చిన్న ఎల్, పెద్ద ఐ, అంకె ఒకటి మూడూ ఒకేలా ఉన్న ఫాంట్ అది. సున్నా, పెద్ద ఓ కూడా అంతే. అక్షరాలు విడివిడిగా తెలిసే మోనోస్పేస్ ఫాంట్‌లో, 16 పాయింట్లలో మళ్లీ ముద్రించాం. కార్డు వెనక సీటు నంబరు, యంత్రం నంబరు.

రెండో శిక్షణ మాట మీద. ఇన్విజిలేటర్ యంత్రానికి సాయం చేయొచ్చు, ప్రశ్నకు చేయకూడదు. గీత ఎక్కడుందో చెప్పడం సులువు, నోటిని ఆపుకోవడమే కష్టం. అందుకే చీటీలు తీసి నటింపజేశాం.

"టీచర్, శబ్దం రావట్లేదు." చూడొచ్చు, సరిచేయొచ్చు.
"టీచర్, ఈ పదానికి అర్థమేంటి?" చెప్పకూడదు. "నీకు తెలిసినంతలో రాయి" అనడంతో ఆపాలి.
"టీచర్, ఇది కరెక్టేనా?" తల ఊపినా జవాబు చెప్పినట్టే.
"టీచర్, ఈ బిళ్ల పోవట్లేదు." ఇక్కడ అందరూ తడబడ్డారు. "మళ్లీ లాగి చూడు" అనొచ్చు. ఆ బిళ్లను తాము లాగి గడిలో పెట్టకూడదు.

రోజూ పిల్లలకు నేర్పే మనిషికి తప్పు కనిపించి ఊరుకోవడం ఒంటికి పట్టదు. కొందరు వెనక్కి వచ్చి కూర్చుని ఇది బోధన కంటే కష్టమన్నారు. నిజమే.

4 వారాల ముందు: ప్రత్యేక ఏర్పాట్లు

ప్రశ్నను చదివి వినిపించడం, పెద్ద అక్షరాలు, రంగు మార్పు, అదనపు సమయం. ఇవన్నీ విద్యార్థి వారీగా సిస్టమ్‌లో ముందే నమోదవాలి. పరీక్ష మొదలయ్యాక చాలావరకు కలపలేరు. జాబితాలో టిక్కు చూసి ఊరుకోలేదు. ఆ పిల్లలందరినీ వాళ్ల వాళ్ల ఐడీలతో నమూనా పరీక్షలో కూర్చోబెట్టి తెర మీద చూశాం. ఒకరికి చదివి వినిపించే సౌకర్యం గణితానికి ఉంది, భాషకు లేదు. నమోదులో సబ్జెక్టు వారీగా వేరే గడి ఉంది, అది ఖాళీగా ఉండిపోయింది.

అదనపు సమయం ఉన్న పిల్లలకు వేరే గది. మిగతావాళ్లు లేచి పోతుంటే కూర్చుని రాయమనడం అన్యాయం.

3 వారాల ముందు: మొదటి రిహార్సల్

60 మంది, రెండు గదులు, అసలు పరీక్ష లాగే. "మొదలుపెట్టండి" అన్నప్పటి నుంచి ఆఖరి విద్యార్థి మొదటి ప్రశ్న చూసేదాకా 26 నిమిషాలు. 17 మంది మధ్యలో ఇరుక్కున్నారు.

8 మందికి పాస్‌వర్డ్. క్యాప్స్ లాక్ వెలిగి ఉంది, పాస్‌వర్డ్ చుక్కలుగానే కనిపిస్తుంది కాబట్టి తెలియలేదు. 5 మందికి హెడ్‌సెట్. సెక్యూర్ బ్రౌజర్ తెరిచాక గుచ్చారు, బ్రౌజర్ దాన్ని చూడలేదు. మూసి మళ్లీ తెరవాల్సి వచ్చింది. మనం వాడే బ్రౌజర్‌లో ఒకసారి లోపలికి వెళ్లాక శబ్దం పెంచడం కూడా కుదరదు. 2 యంత్రాలు చార్జ్ కాలేదు. కార్ట్‌లో కేబుల్ సగమే దిగింది, దీపం మాత్రం వెలిగింది. ఇంకో 2 పాత గడియారం జబ్బు.

దాన్ని బట్టి క్రమం మార్చాం. పిల్లలు రాకముందే హెడ్‌సెట్‌లు గుచ్చి, శబ్దం సగానికి పైన పెట్టి, ఆ తర్వాతే బ్రౌజర్ తెరిచి ఉంచాలి. క్యాప్స్ లాక్ చూడటం ఆ చిట్టాలో ఒక గీత. సెషన్ ఐడీ బోర్డు మీద అరచేతి ఎత్తు అక్షరాల్లో. లాగిన్ ఒక్కసారిగా కాదు, వరుసకు పది మంది. ముందు వరుస ప్రశ్న చూశాక వెనక వరుస.

చెయ్యెత్తే పద్ధతి తీసేశాం. ఒక చెయ్యి గాల్లో ఉంటే పిల్లలు రాయడం మానేసి ఎదురుచూస్తున్నారు. ఎర్ర కార్డు మూత మీద నిలబెడితే "యంత్రం పాడైంది", పసుపుదైతే "అయిపోయింది, చూసుకున్నాను". కార్డు పెట్టి, చేయగలిగింది చేస్తూ ఉండొచ్చు.

విరామం గురించి కూడా ఇక్కడే తేలింది. ఎక్కువసేపు మీట నొక్కకపోతే సిస్టమ్ బయటికి నెట్టేస్తుంది. బాత్రూమ్‌కు వెళ్లేముందు "పాజ్" నొక్కాలి. స్మార్టర్ బ్యాలెన్స్‌డ్ అడాప్టివ్ భాగంలో (జవాబులను బట్టి తర్వాతి ప్రశ్న మారేది) పాజ్ 20 నిమిషాలు దాటితే పాత ప్రశ్నలకు తిరిగి పోలేరు. మన పరీక్షలోనూ ఇలాంటి నియమమే ఉంది. అందుకని పాజ్ నొక్కిన సమయాన్ని ఇన్విజిలేటర్ కాగితం మీద రాయాలి, 15 నిమిషాలకు పిల్లవాణ్ని వెతకాలి.

2 వారాల ముందు: రెండో రిహార్సల్

11 నిమిషాలు. ఇరుక్కున్నవాళ్లు ముగ్గురు, మూడూ పాస్‌వర్డే. చాలు.

కొత్తగా ఒక్కటే: ఒక పిల్లవాడు పదో ప్రశ్న దగ్గరే "పూర్తిచేసి పంపు" నొక్కి, వచ్చిన హెచ్చరికకు కూడా "అవును" అన్నాడు. తిరిగి తెరవడం కోఆర్డినేటర్ ద్వారా అర్జీ పెట్టి చేయాల్సిన పని, వెంటనే కాదు. పంపేముందు పసుపు కార్డు పెట్టి ఇన్విజిలేటర్ వచ్చేదాకా ఆగాలని నియమం పెట్టాం. ఇన్విజిలేటర్ జవాబులు చూడడు, ఖాళీ ప్రశ్నల సంఖ్య మాత్రమే చూస్తాడు.

పరీక్ష మొదటి రోజు

ఉదయం విడత: ఆఖరి లాగిన్ 12వ నిమిషంలో. ఎర్ర కార్డులు ఏడు. మూడు మౌస్ వైరు ఊడటం, రెండు హెడ్‌సెట్ ఒక చెవికే వినిపించడం, ఒకటి బ్రౌజర్ స్తంభించడం (అదనంగా ఉంచిన యంత్రానికి మార్చాం, జవాబులు సర్వర్‌లో భద్రంగా ఉన్నాయి, ఆగిన ప్రశ్న దగ్గరే తెరుచుకుంది), ఒకటి నోట్లో పెన్సిల్ ముక్క విరిగినందుకు. చిత్తు కాగితాలు 60 ఇచ్చాం, 60 వెనక్కి వచ్చాయి, లెక్క రాసి కవరులో పెట్టాం.

రెండో విడతలో పక్క తరగతిలో వీడియో పాఠం పెట్టారు. పేజీలు రెండు మూడు సెకన్లు ఆలస్యమయ్యాయి, ఆగలేదు. రేపటి నుంచి పరీక్ష వేళల్లో వీడియోలు వద్దని అన్ని తరగతులకూ చీటీ వెళ్లింది.

సాయంత్రం 22, 41 నంబర్ల కేబుళ్లు మార్చాలి. హెడ్‌సెట్‌లు తుడిచి, వైర్లు చుట్టకుండా వదులుగా వేలాడదీయాలి, చుట్టినవే మొదట తెగుతున్నాయి. రేపు మొదటి జట్టు మూడో తరగతి. వాళ్ల మౌస్‌ల కోసం డెస్క్ మీద అడుగు చోటు ఖాళీ చేయాలి.